బడిలో సీటు సరే... చోటేదీ?

ఆటిజం ఉన్న పిల్లలకు మామూలు బడి తలుపులను చట్టం ఏనాడో తెరిచింది. కానీ ఆ గడప దాటి వచ్చిన చిన్నారి తరగతిలో నిలదొక్కుకోవాలంటే టీచర్లు, తోటి పిల్లలు, అమ్మానాన్నలు... తలా ఓ చెయ్యి వేయాల్సిందే!

గంట మోగుతుంది. పిల్లలంతా ఒక్కసారిగా లేస్తారు. బెంచీలు కిర్రుమంటాయి, వరండా అంతా కేకలు. మనకది రోజూ ఉండేదే. ఆటిజం ఉన్న చిన్నారికి మాత్రం ఆ ఒక్క నిమిషం నెత్తిన పిడుగు పడ్డట్టే ఉండొచ్చు. చెవులు మూసుకుంటాడు, అరుస్తాడు, బల్ల కిందకి దూరతాడు. చూసేవాళ్లు 'మొండి' అంటారు, 'గారాబం ఎక్కువైంది' అంటారు. నాలుగు రోజులు ఇలాగే జరిగితే ఇంటికి కబురు వస్తుంది... 'వేరే బడి చూసుకోండి' అని.

పెంపకం లోపం కాదు

ఆటిజం అంటువ్యాధి కాదు, పెంపకంలో లోపం అంతకన్నా కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో పదకొండు మంది పిల్లల్ని గమనించి దీని గురించి రాశాడు. పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, విన్న మాటనే మళ్లీ మళ్లీ అనడం, రోజూ చేసే పనిలో చిన్న మార్పు వచ్చినా తట్టుకోలేకపోవడం... ఈ లక్షణాలు చాలామందిలో మూడేళ్లలోపే కనిపిస్తాయి. అందరిలో ఒకేలా మాత్రం ఉండవు. ఒకరికి మాటలే రావు, మరొకరు రైళ్ల వేళలన్నీ గడగడా చెప్పేస్తారు.

2021 నాటికి ప్రపంచంలో ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన అయిదొందల మంది చదివే బడిలో నలుగురు ఉండొచ్చు.

చట్టం ఏమంటోంది?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని గుర్తించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఆటిజాన్నీ చేర్చింది. ప్రభుత్వ నిధులతో నడిచే బడి అయినా, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు బడి అయినా ఈ పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. అంటే సీటు అడగడం బతిమాలుకోవడం కాదు, హక్కు.

చిన్న మార్పులు... పెద్ద తేడా

అసలు పరీక్ష సీటు వచ్చాకే మొదలవుతుంది. అప్పుడు ఆదుకునేవి ఖరీదైన పరికరాలు కావు. ఈ పిల్లల్లో చాలామందికి విన్నదానికన్నా చూసింది బాగా అర్థమవుతుంది. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఎరిక్ షోప్లర్ బృందం ఈ కిటుకు మీదే ఓ బోధన పద్ధతిని రూపొందించింది. దానికి మన బడిలో ఓ అట్టముక్క చాలు. ప్రార్థన, తెలుగు, లెక్కలు, భోజనం, ఆటలు... ఒక్కోదానికి ఒక్కో బొమ్మ వరసగా అతికిస్తే సరి. తర్వాత ఏం జరగబోతుందో తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. బతుకమ్మ ఆటకు మైకు పెడతారు. ఇలాంటి మార్పుల్ని ముందు రోజే బొమ్మ చూపించి చెప్పాలి. 'పుస్తకం తీసి, నలభయ్యో పేజీ తిప్పి, మూడో లెక్క చెయ్' అని ఒక్క గుక్కలో చెప్పకుండా, ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. కిటికీకీ తలుపుకీ దూరంగా కూర్చోబెట్టాలి. మరీ అలజడిగా ఉన్నప్పుడు అయిదు నిమిషాలు కూర్చోవడానికి ఓ నిశ్శబ్దమైన మూల చూపించాలి. రైళ్లంటే ఇష్టమైతే లెక్కలూ రైళ్లతోనే చెప్పొచ్చు. సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో వీరికి గంటకు ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం ఉంది. కావాలంటే రాసిపెట్టే సహాయకుడినీ పెట్టుకోవచ్చు.

వరంగల్‌లో ఎవరిని అడగాలి?

అనుమానం రాగానే ఎంజీఎం ఆసుపత్రి పిల్లల విభాగంలో చూపించాలి. పలకకపోవడానికి వినికిడి లోపం కూడా కారణం కావచ్చు కాబట్టి ముందు చెవుల పరీక్ష తప్పనిసరి. హన్మకొండలోని మల్లికాంబ మనోవికాస కేంద్రం ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఏళ్లుగా పనిచేస్తోంది. మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో జాతీయ సంస్థే ఉంది. దేశమంతా ఆటిజం అంచనాకు వాడే నలభై ప్రశ్నల కొలమానం అక్కడ తయారైందే.

టీచర్లేరీ?

2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఓ లెక్క చెప్పింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్లో ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలంది. తెలంగాణలో 2024 డీఎస్సీ ప్రకటనలో స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు స్కూల్ అసిస్టెంట్లకు 220, ఎస్జీటీలకు 796 చూపించారు. కలిపితే 1,016. రాష్ట్రంలో మండలాలే ఆరు వందలకు పైగా ఉన్నాయి. పంచితే మండలానికి ఇద్దరు కూడా రారు! భవిత కేంద్రాల్లోని రిసోర్స్ పర్సన్లు ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే నెట్టుకొచ్చారు. కాబట్టి ఇప్పటికైతే ఈ చిన్నారుల భారం ఎక్కువగా మామూలు టీచరు మీదే. యాభై మందిని ఒంటిచేత్తో చూసుకునే ఆ టీచరుకు శిక్షణ ఇవ్వకుండా అన్నీ ఆవిడే చేయాలనడం న్యాయం కాదు.

ఆ టీచరుకు అమ్మానాన్నలు చేయగల సాయం ఒకటుంది. జూన్‌లో బడి తెరవడానికి ముందే ఒక్క పేజీ రాసివ్వండి. మా బాబుకు ఏది ఇష్టం, ఏ చప్పుడంటే భయం, దాహం వేస్తే ఎలా చెబుతాడు, ఏడిస్తే ఏం చేస్తే ఊరుకుంటాడు... ఇవి తెలిస్తే మొదటి వారం గట్టెక్కినట్టే.

మిగతా తల్లిదండ్రులకూ ఓ మాట. మీ పాప క్లాసులో అలాంటి చిన్నారి ఉంటే 'వాడి పక్కన కూర్చోకు' అనకండి. ఈసారి పుట్టినరోజుకు ఆ బాబునీ పిలవండి. మైకు మాత్రం కాస్త తగ్గించండి!