బూటు గుట్టు తెలిస్తే.. పరుగుకు బలం
ధర కాదు, పనితీరు చూడాలి * ఉద్యోగ పరుగుకు సిద్ధమయ్యే యువత తెలుసుకోవలసిన సంగతులు

యాలాల్‌: పోలీసు ఉద్యోగాల ప్రకటన వెలువడిందంటే చాలు.. పల్లెల్లో తెల్లవారకముందే పరుగుల సందడి మొదలవుతుంది. యాలాల్‌, తాండూరు, బషీరాబాద్‌, పెద్దేముల్‌ మండలాల యువతకూ ఇది కొత్త కాదు. మైదానం అందుబాటులో ఉన్నవారు మైదానంలో, లేనివారు రోడ్డు అంచున, పొలం బాటల్లో సాధన చేస్తుంటారు. ఎంత దూరం పరుగెత్తాలి, ఎంత సమయంలో పూర్తి చేయాలి అన్నది అందరికీ తెలిసిందే. కాలికి ఏమి తొడగాలి, ఒంటికి ఏమి వేసుకోవాలి అన్న దగ్గరే సందిగ్ధం. దుకాణంలో వెయ్యి రూపాయల బూటూ ఉంటుంది, ఇరవై వేల రూపాయల బూటూ ఉంటుంది. రెంటికీ తేడా ఎక్కడ? ఆ తేడా మనకు అవసరమా? కూలి డబ్బుతోనో, తల్లిదండ్రులు కందులు అమ్మిన సొమ్ముతోనో బూట్లు కొనే కుటుంబాలకు ఇది చిన్న ప్రశ్న కాదు.

సెకన్ల లెక్క

తెలంగాణలో 2018 పోలీసు నియామకాల్లో పురుషులకు 800 మీటర్ల పరుగు ఉండేది. 2022 నియామకాల్లో అది 1600 మీటర్లకు పెరిగింది. దానిని 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలన్నది నిబంధన. మహిళలకు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలని నిర్దేశించారు. పురుషుల లెక్కనే తీసుకుంటే, 400 మీటర్ల మైదానం చుట్టూ నాలుగుసార్లు తిరగాలి. ఒక్కో చుట్టుకు దొరికేది సుమారు 1 నిమిషం 48 సెకన్లు మాత్రమే. ఒక్క సెకను దాటినా నెలల తరబడి చదివిన చదువు ఆ మైదానంలోనే ఆగిపోతుంది. పరీక్ష రోజుకు ముందే మోకాలో, మడమో నొప్పి పట్టినా ఫలితం అదే. బూటు విషయంలో శ్రద్ధ అవసరమని చెప్పడం అందుకే.

అడుగు అడుగుకూ దెబ్బ

నడిచేటప్పుడు ఏదో ఒక కాలు నేలపై ఉంటుంది. పరుగులో అలా కాదు. ప్రతి అడుగుకూ శరీరం క్షణకాలం గాలిలోకి లేచి, మళ్లీ ఒంటికాలిపై పడుతుంది. ఆ క్షణంలో కాలిపై పడే బలం శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. 60 కిలోల యువకుడి కాలిపై కనీసం 120 కిలోల భారం పడుతుందన్నమాట. 1600 మీటర్లలో అడుగుకు 1.2 మీటర్ల చొప్పున లెక్కిస్తే దాదాపు 1300 అడుగులు పడతాయి. అంటే ఒక్కో కాలికి 650 దెబ్బలు.

తాండూరు నాపరాయిపై కోడిగుడ్డు పడితే పగిలిపోతుంది. అదే గుడ్డు గడ్డివాముపై పడితే నిలుస్తుంది. గుడ్డు ఒకటే, పడిన ఎత్తూ ఒకటే. గడ్డి మెల్లగా అణగుతూ దెబ్బను కొంత సమయానికి పరచడమే తేడా. పరుగు బూటు అడుగున ఉండే మెత్తటి పొర చేసే పని కూడా ఇదే. అది దెబ్బను మాయం చేయదు, ఒక్కసారిగా తగలకుండా చూస్తుంది.

మూడు పొరల నిర్మాణం

ఏ కంపెనీ బూటైనా ప్రధానంగా మూడు భాగాలుగా ఉంటుంది. పాదాన్ని కప్పి ఉంచే పై భాగం మొదటిది. ఇది వల వంటి పలుచని పాలిస్టర్‌ గుడ్డతో తయారవుతుంది. గాలి ఆడటం, పాదం అటూ ఇటూ జారకుండా పట్టి ఉంచడం దీని పని. మడమ చుట్టూ మాత్రం గట్టి అట్ట ఉంటుంది. మడమ పక్కకు వాలకుండా అది కాపాడుతుంది.

రెండోది మధ్య సోల్‌. బూటుకు ప్రాణం ఇదే, ధరలో తేడాకు ప్రధాన కారణమూ ఇదే. ఇథిలీన్‌ వినైల్‌ ఎసిటేట్‌ (ఈవీఏ) అనే ప్లాస్టిక్‌ను ఉబ్బించి చేసిన ఫోమ్‌ను 1970వ దశకం నుంచి ఇందుకు వాడుతున్నారు. ఇందులో కంటికి కనిపించని లక్షలాది గాలి గదులు ఉంటాయి. అడుగు పడినప్పుడు అవి అణగుతాయి, కాలు లేచినప్పుడు తిరిగి ఉబ్బుతాయి. పాఠశాలల్లో వ్యాయామానికి వాడే తెల్లటి కాన్వాసు బూట్లలో ఇటువంటి మందపాటి పొర ఉండదు. అందుకే రోజూ కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తడానికి అవి తగవు.

మూడోది నేలను తాకే రబ్బరు పొర. జారకుండా పట్టు ఇవ్వడం, అరుగుదలను తట్టుకోవడం దీని బాధ్యత. అమెరికాలోని ఒరెగాన్‌ విశ్వవిద్యాలయ శిక్షకుడు బిల్‌ బోవర్‌మన్‌ 1971లో ఇంట్లో గళ్ల అట్లు పోసుకునే పెనంలో రబ్బరు వంటి ద్రావణం పోసి కొత్త తరహా సోల్‌ను తయారు చేశారు. తక్కువ బరువుతో ఎక్కువ పట్టు ఇచ్చే ఆ గళ్ల నమూనా పరుగు బూట్ల తయారీనే మార్చివేసింది. తారు రోడ్డుకు లోతు తక్కువ గళ్లు చాలు. వానాకాలంలో నల్లరేగడి బాటలో పరుగెత్తేవారికి మాత్రం ఈ గళ్లే ఇబ్బంది. వాటి మధ్య బంకమన్ను పేరుకుని బూటు బరువెక్కుతుంది. ఒక్కో బూటు బరువు 100 గ్రాములు పెరిగితే పరుగుకు ఖర్చయ్యే శక్తి సుమారు 1 శాతం పెరుగుతుందని పరిశోధనలు తేల్చాయి. మన్నును ఎప్పటికప్పుడు దులపడం కూడా సాధనలో భాగమే.

కార్బన్‌ పలక కథ

ఖరీదైన బూట్ల ప్రస్తావన రాగానే వినిపించే మాట కార్బన్‌ పలక. 2017లో నైకీ సంస్థ విడుదల చేసిన వేపర్‌ఫ్లై బూటుతో దీనికి ప్రాచుర్యం వచ్చింది. తేలికైన, బాగా ఎగిరే ఫోమ్‌ మధ్య వంపు తిరిగిన గట్టి కార్బన్‌ పలకను అమర్చడం ఇందులోని ప్రత్యేకత. అప్పటి మేటి బూట్లతో పోలిస్తే ఈ తరహా బూటు పరుగుకు అయ్యే శక్తి వ్యయాన్ని సగటున 4 శాతం తగ్గించిందని అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగశాలలో కొలిచారు. 2019 అక్టోబరు 12న వియన్నాలో కెన్యా పరుగు వీరుడు ఎలియుడ్‌ కిప్‌చోగే 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో మారథాన్‌ దూరాన్ని పూర్తి చేసింది ఇటువంటి బూట్లతోనే. ప్రత్యేక ఏర్పాట్ల మధ్య సాగిన పరుగు కావడంతో దానిని అధికారిక రికార్డుగా గుర్తించలేదు. బూట్ల పోటీ హద్దు మీరుతోందన్న విమర్శలతో ప్రపంచ అథ్లెటిక్స్‌ సంస్థ 2020 జనవరిలో నిబంధన విధించింది. రోడ్డు పరుగు బూటు సోల్‌ మందం 40 మిల్లీమీటర్లు మించరాదని, లోపల ఒక్క పలకే ఉండాలని నిర్దేశించింది.

మరి 1600 మీటర్ల అభ్యర్థికి ఇది అవసరమా? అవసరం లేదనే చెప్పాలి. పోటీల కోసం చేసిన ఈ ఫోమ్‌ త్వరగా అరిగిపోతుంది, రోజువారీ సాధనకు నిలవదు. ఎత్తుగా, మెత్తగా ఉండటంతో గుంతల బాటలో కాలు మెలిక పడే ప్రమాదమూ ఉంటుంది. రోజూ క్రమం తప్పని సాధనతో తగ్గే సెకన్ల ముందు, ఏ పలకా ఇచ్చే లాభం పెద్దది కాదు.

వరంగల్‌ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన దీప్తి జీవంజి 2024 పారిస్‌ పారాలింపిక్స్‌ 400 మీటర్ల పరుగులో కాంస్యం సాధించారు. అటువంటి క్రీడాకారులు సింథటిక్‌ ట్రాక్‌పై మేకుల బూట్లు ధరిస్తారు. అది చూసి తారు రోడ్డుకు మేకుల బూట్లు కొనడం తగదు. వాటిలో మెత్తటి పొర నామమాత్రమే. గట్టి నేలపై అవి కాలికి చేటు. పోటీ ఏ నేలపై జరుగుతుందో ఆ నేలకు తగిన బూటు ఎంచుకోవాలి.

వట్టి కాళ్లతో పరుగెత్తవచ్చా?

ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 1960 రోమ్‌ ఒలింపిక్స్‌ మారథాన్‌ను వట్టి కాళ్లతో పరుగెత్తి గెలిచారు. 1964 టోక్యోలో ఆయనే బూట్లు ధరించి, మరింత తక్కువ సమయంలో మళ్లీ గెలిచారు. గెలుపు ప్రధానంగా కాళ్లదీ గుండెదీ అనడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు. వట్టి కాళ్లతో అలవాటుపడిన వారు మడమకు బదులు పాదం ముందు భాగంతో నేలను తాకుతారు. అప్పుడు పిక్క కండరమే స్ప్రింగులా పనిచేస్తుంది. అయితే బూట్లకు అలవాటుపడిన వారు ఉన్నట్టుండి బూట్లు విడిస్తే పిక్కలు, పాదాల ఎముకలు దెబ్బతింటాయి. తుమ్మముళ్లు, గాజుపెంకులు, రాతి ముక్కలు ఉన్న బాటల్లో అసలు సాహసించరాదు.

బూటు గాయాలను ఆపుతుందా?

పాదం లోపలికి వాలేవారికి ఒక రకం, చదును పాదాల వారికి మరో రకం అంటూ దుకాణాల్లో చెబుతుంటారు. వయోజనులలో పరుగు గాయాలను ఫలానా రకం బూటు తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవని 2022లో వెలువడిన కాక్రేన్‌ సమీక్ష తేల్చింది. తొడిగి పరుగెత్తినప్పుడు హాయిగా ఉందా, లేదా అన్నదే మేలైన కొలమానం. మోకాలి కింది ముందు ఎముకలో నొప్పి వస్తే చాలామంది బూటును నిందిస్తారు. రోజుకు కిలోమీటరు పరుగెత్తేవారు ఒక్కసారిగా ఐదు కిలోమీటర్లకు పెంచడం దీనికి సాధారణ కారణం. దూరాన్ని వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుకోవాలి. నొప్పి తగ్గకపోతే వైద్యుడిని సంప్రదించాలి.

చొక్కా కూడా సాధనమే

పరుగులో శరీరం వేడెక్కుతుంది. ఆ వేడిని దించేది చెమట. కారిన చెమట వల్ల లాభం లేదు, ఆవిరైన చెమటే చల్లబరుస్తుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో క్యాలరీల వేడి శరీరం నుంచి తొలగిపోతుంది. నూలు గుడ్డ చెమటను పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది. తడిసి బరువెక్కి ఒంటికి అంటుకుంటుంది. పాలిస్టర్‌ దారం నీటిని తనలోకి దాదాపుగా తీసుకోదు. ప్రమాణ వాతావరణంలో నూలు దారంలో తేమ సుమారు 8 శాతం ఉంటే, పాలిస్టర్‌లో అది 0.4 శాతమే. దారాల మధ్య సన్నని సందుల గుండా చెమట గుడ్డ పై ముఖానికి పాకుతుంది. దీపం వత్తిలో నూనె పైకి ఎక్కేది ఇదే సూత్రంతో. పైకి వచ్చిన చెమట గాలి తగిలి త్వరగా ఆరుతుంది. ఇటువంటి దుస్తులను ఉతికేటప్పుడు మెత్తదనం కోసం వాడే ద్రావణాలు వేయరాదు. అవి సందులను పూడ్చి చెమట పాకకుండా చేస్తాయి.

ఏడు నిమిషాల పరుగుకు చొక్కా వల్ల వచ్చే తేడా స్వల్పమే. గంట, గంటన్నర సాధనలో మాత్రం అది స్పష్టంగా తెలుస్తుంది. మేజోళ్లకూ ఇదే వర్తిస్తుంది. తడిసిన నూలు మేజోడు చర్మాన్ని ఒరిసి బొబ్బలు తెస్తుంది.

అమ్మాయిలు పరుగుకు దూరం కావడానికి సరైన లోదుస్తులు లేకపోవడం కూడా ఒక కారణం. దీనిపై బయటకు మాట్లాడేవారు తక్కువ. అమెరికాలో 1977లో ముగ్గురు మహిళలు కలిసి తొలి స్పోర్ట్స్‌ బ్రాను రూపొందించారు. పరుగులో కలిగే కుదుపును, నొప్పిని తగ్గించడం దీని ఉద్దేశం. ఆడపిల్లల సాధనకు డబ్బు కేటాయించే తల్లిదండ్రులు బూటుతో పాటు దీనినీ అవసరంగానే చూడాలి.

రోడ్డుపై పరుగెత్తేవారికి మరో జాగ్రత్త. చీకట్లో నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు తిరిగే దారుల్లో ముదురు రంగు దుస్తులు ప్రాణాంతకం. మెరిసే పట్టీలలో ఉండే సూక్ష్మమైన గాజు పూసలు దీపపు వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. అందువల్ల డ్రైవరుకు మనిషి దూరం నుంచే కనిపిస్తాడు. చొక్కా మొత్తం మార్చనవసరం లేదు, వీపుపైనా చీలమండల వద్దా ఒక్కో పట్టీ కట్టుకున్నా మేలు. వాహనాలకు ఎదురుగా, రోడ్డుకు కుడివైపున పరుగెత్తడం ఉత్తమం.

కొనేముందు..

* సాయంత్రం పూట కొనాలి. పగలంతా తిరిగిన పాదం కొద్దిగా ఉబ్బి ఉంటుంది. పరుగులోనూ అంతే.
* సాధనలో వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడాలి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మడమ మాత్రం జారకూడదు.
* బూటును వంచి చూడాలి. వేళ్లు వంగే చోట వంగాలి. నడిమధ్యలో రెండుగా మడతపడితే పక్కన పెట్టాలి.
* పేరున్న కంపెనీ గుర్తు అతికించిన నకిలీ కన్నా, సాధారణ కంపెనీ అసలు బూటు మేలు. నకిలీల్లో మధ్య పొర ఎంత కాలం నిలుస్తుందో చెప్పలేం.
* సాధారణంగా ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్ల వరకు పనికొస్తుంది. వారానికి 30 కిలోమీటర్లు పరుగెత్తేవారికి సుమారు ఐదు నెలలు. పై భాగం కొత్తగా కనిపించినా లోపలి ఫోమ్‌ చచ్చుబడి ఉండవచ్చు.
* తడిసిన బూట్లను మండుటెండలో, పొయ్యి దగ్గర ఆరబెట్టరాదు. లోపల పాత వార్తాపత్రికలు కుక్కి నీడలో ఉంచాలి.
* పరీక్ష రోజున కొత్త జత తొడగరాదు. కనీసం రెండు వారాల ముందు నుంచే అలవాటు చేసుకోవాలి.
* ఎటువంటి బూట్లను అనుమతిస్తారో నియామక ప్రకటనలో ముందే చూసుకోవాలి.

బూటు పరుగెత్తదు, కాలే పరుగెత్తుతుంది. అయితే ఆ కాలు పరీక్ష రోజు వరకు నొప్పి లేకుండా నిలవడానికి తోడ్పడేది సరిపోయే బూటు. అప్పు చేసి ఖరీదైన జత కొనడం కన్నా, పాదానికి కుదిరిన మామూలు జతను కొని, మిగిలిన సొమ్మును పాలకూ, గుడ్లకూ వెచ్చించడమే వివేకం.