తన పద్ధతిని తానే తూచిన ఆచార్యుడు

లక్షల పత్రములలో “బిజినేపల్లి” అను మాట గలవి ఏవో కంప్యూటరు క్షణములో చూపును. ఈ అన్వేషణ విద్యకు పాటుపడిన వారిలో కోటగిరి రామమోహనరావుగారు ఒకరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను, బెంగుళూరులోను ఇంజనీరింగు చదివి, 1980లో ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి.

మాటను వెదకుటకు రెండు మార్గములు కలవు. మొదటిది, పత్రములోని మాటలన్నిటిని సున్నలు, ఒకట్లుగా మార్చి, ఒకదానిపై నొకటి పేర్చి, పత్రమునకొక గుర్తు కట్టుట. ఇందు ఒక చిక్కు కలదు: మాట లేకున్నను ఒక్కొక్కప్పుడు గుర్తు సరిపోవును, పత్రమును తెరచి సరిచూడక తప్పదు. రెండవది, పుస్తకము చివరి పదసూచిక వలె, ప్రతి మాటకును అది కనుపించు పత్రముల పట్టిక వ్రాసియుంచుట.

రామమోహనరావుగారు 1980 దశకమున సహచరులతో మొదటి మార్గమునే తీర్చిదిద్దిరి. 1987లో దానిపై పేరుగల వ్యాసమును ప్రకటించిరి. కాకిపిల్ల కాకికి ముద్దు గదా! అయినను 1998లో జస్టిన్ జోబెల్, ఆలిస్టర్ మోఫట్‌లతో కలిసి రెండింటిని నిష్పక్షపాతముగా పోల్చిరి. కాలమునందును, స్థలమునందును పదసూచికయే మేలని తేలినది. ఆ మాటనే నిస్సంకోచముగా లోకమునకు చెప్పిరి.

నేటి అన్వేషణ యంత్రములకు పదసూచికయే పునాది. తాను పెంచిన పద్ధతినైనను కొలతకు లోబరచుటయే శాస్త్రము. విద్యార్థులు మొదట నేర్వవలసిన పాఠమిదియే.