భవనపాలనము: నేను చూచిన యొక మహాసభ

ఫెసిలిటీ మేనేజిమెంటు అను మాటను నేను మొన్నటి మార్గశిరమునకు ముందు వినియుండలేదు. మా యన్నగారి కుమార్తె హైదరాబాదున నొక పెద్ద కార్యాలయ భవనమునకు అధికారిణిగా నున్నది. "నీ యుద్యోగమేమి?" యని బంధువు లడిగినపుడెల్ల నామె తడబడుచుండును. ఇంజనీరు కాదు, గుమాస్తా కాదు, మేస్త్రీయును కాదు. పదునాలుగు అంతస్తుల యా మేడలో నీరు వచ్చుట, దీపములు వెలుగుట, లిఫ్టులు నడచుట, గదులు శుభ్రముగా నుండుట, నిప్పంటుకొన్నచో జనులు బ్రతికి బయటపడుట, ఇవన్నియు నామె పూచీ. ఏదియు చెడనినాడు ఆమె యొకతె యున్నదనియే యెవ్వరికిని తెలియదు. చెడిననాడు అందరును ఆమె పేరే పిలుతురు.

"ఇది మన యాడువారు తరతరములుగా జీతము లేక చేయుచున్న పనియే గదే అమ్మాయీ" యంటిని. "అయినచో మా సభకు రండి అత్తయ్యా, చూతురుగాని" యని నవ్వుచు తీసికొనిపోయినది. మావారు పాఠశాలకు సెలవు పెట్టి పిల్లలను చూచుకొందుమని మాట యిచ్చిన పిమ్మట రెండు దినములకు బయలుదేరితిని.

సభ మాదాపురము వైపున జరిగినది. 1998లో సైబర్ టవర్సు వెలసిన పిమ్మట ఆ ప్రాంతమంతయు అద్దాల మేడలతో నిండిపోయినది. కట్టుట యొక యెత్తు, కట్టినదానిని ముప్పది నలుబది యేండ్లు నడపుట మరియొక యెత్తు. ఆ నడపుటకు అయ్యెడి వ్యయము కట్టుబడి వ్యయమును మించిపోవునని అచ్చటి వక్తలు మరల మరల చెప్పిరి. సింగపూరునుండియు, దుబాయినుండియు, ఇంగ్లండునుండియు వచ్చినవారు కలరు. స్త్రీలు నేననుకొన్నదానికంటె నెక్కువగనే యుండిరి.

ఈ వృత్తి పాతదే యైనను దీని కొక పేరును సంఘమును ఏర్పడుట మొన్నమొన్నటి మాట. అమెరికాలోని హ్యూస్టన్ నగరమున 1980లో కొందరు కూడి జాతీయ సంఘమొకటి స్థాపించిరి. రెండేండ్లకే, 1982లో, అది అంతర్జాతీయ సంఘమను పేరు దాల్చినది. 2017లో ఐ.ఎస్.ఓ. అను అంతర్జాతీయ ప్రమాణ సంస్థ యీ వృత్తికి నిర్వచనము చేసినది. మనుష్యులను, తావును, పని జరుగు విధమును ఒకటిగా కూర్చి, కట్టడములో మసలువారి జీవనమును మెరుగుపరచుట యని దాని తాత్పర్యము. మరుసటి యేడు 41001 అను ప్రమాణమును వెలువడినది. ఇది వినుచుండగా నాకు ఆరణ్యపర్వమున ద్రౌపది సత్యభామకు తన గృహపాలనమును వివరించిన ఘట్టము తలపునకు వచ్చినది. పరిచారకులలో నెవ్వరేమి చేయుదురో, ఆయమెంతో వ్యయమెంతో తానెరుగుదునని చెప్పిన యామెకు ఏ సంఘమును పట్టమీయలేదు.

మొదటి దినము చాల భాగము యంత్రములను పొగడుటతోనే గడచినది. కుళాయి కారినచో టెలిఫోనునకు వార్త పంపు పరికరములు, గదిలో నెందరున్నారో లెక్కించు పరికరములు అంగళ్లుగా పేర్చియుంచిరి. మధ్యాహ్నము చేతులు కడుగుకొన పోయినపుడు అచ్చట శుభ్రము చేయుచున్న యొక పెద్దామె, "ఆ మూడవ కుళాయి తిప్పకుడమ్మా, నాలుగు దినములనుండి కారుచున్నది" అన్నది. చెప్పితివా యని యడిగితిని. "ఎవరితో చెప్పుదును?" అన్నది. ఆ సభలో ఆమెకు కుర్చీ లేదు. అమ్మాయితో నీ మాట చెప్పితిని. తన భవనమున ఊడ్చువారికి వారమున కొకమారు తానే కూర్చుండి వినుటకు వేళ యేర్పరచితి ననియు, తనకు తెలియు లోపములలో సగము వారివలననే తెలియుననియు చెప్పినది.

రెండవ దినమున నొక వైద్యురాలు నీటిని గూర్చి ప్రసంగించినది. 1976 జూలైలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున మాజీ సైనికుల మహాసభ యొక పెద్ద హోటలులో జరిగినదట. ఇండ్లకు తిరిగిపోయినవారు జ్వరముతో, ఊపిరి యందక పడిపోయిరి. 200 మందికి పైగా రోగగ్రస్తులై, 34 మంది మరణించిరి. కారణము ఆరు మాసములవరకు తెలియలేదు. 1977 జనవరిలో నొక క్రొత్త సూక్ష్మజీవి యని కనుగొనిరి. లీజియన్ అను ఆ సైనిక సంఘపు పేరనే దానికి లీజియొనెల్లా అను నామము కలిగినది. అది సుమారు 20 మొదలు 45 డిగ్రీల వేడిగల నీటిలో, ముఖ్యముగా కదలక నిలిచిన నీటిలో పెరుగును. ఆ నీరు త్రాగుటవలన కంటె, తుంపరగా మారి ఊపిరితో లోనికి పోవుటవలన నెక్కువ ముప్పు. అందుకే పెద్ద భవనములలో వేడినీటిని 60 డిగ్రీలకు తగ్గకుండ నిలువయుంచుదురు. 2020లో కరోనా వలన మేడలన్నియు మూతపడి మరల తెరచునపుడు గొట్టములలో నిలిచిన నీటిని ముందుగా వదలివేయుడని పెక్కు దేశములలో హెచ్చరించిరి. వేసవి సెలవుల యనంతరము జూన్ మాసమున మేము బడి తెరచినపుడు నీటితొట్టిని కడుగుదుముగాని, గొట్టములలోని నీటిని గూర్చి నేనెన్నడును తలంపలేదు.

పిమ్మటి ప్రసంగము తలుపులను గూర్చినది. నేను వచ్చినందులకు ఫలము దానితోనే దక్కినది, నిదురయు దానితోనే పోయినది.

మా పాఠశాలకు చేరి బాలికల వసతిగృహ మొకటి కలదు. అందు 42 మంది బాలికలుందురు. రాత్రివేళ దాని పెత్తనము నాది. రెండేండ్ల క్రిందట దొంగలుపడి వంటపాత్రలను దోచుకొనిపోయినప్పటినుండి వెనుకతలుపునకు తాళము వేయుచున్నాము. తాళపుచెవి మా పూజగదిలోని పెట్టెలో నుండును.

వక్త చెప్పిన కథలలో మొదటిది ఇంగ్లండులోని సండర్లాండునది. 1883 జూన్ 16వ తేదీన విక్టోరియా హాలు అను నాటకశాలలో పిల్లల వేడుక ముగియువేళ, క్రింద బహుమతులు పంచుచున్నారని పైయంతస్తులోని పిల్లలు మెట్లమీదుగా పరుగిడిరి. మెట్ల కడపట నున్న తలుపు లోపలికి తెరచుకొనునది. అదియు నొక్కొక్కరే పోవునట్లు సందు వదలి గడియ వేసియుండిరి. 183 మంది పిల్లలు ఒకరిపై నొకరు పడి ఊపిరాడక మరణించిరి. రెండవది న్యూయార్కునందలి ట్రయాంగిల్ అను రవికెల కర్మాగారము. 1911 మార్చి 25న నిప్పంటుకొన్నపుడు తొమ్మిదవ అంతస్తున నొక తలుపునకు తాళము వేసియుండెను. మరణించిన 146 మందిలో నధికసంఖ్యాకులు పడుచుపిల్లలు. ఆ ఘోరమును వీధిలో నిలిచి కన్నులార చూచిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనునామె తరువాత 1933లో ఆ దేశపు కార్మిక మంత్రిణి యైనది. మన పొరుగు తమిళదేశమున కుంభకోణములో 2004 జూలై 16న పాఠశాలకు నిప్పంటుకొని 94 మంది పిల్లలు దహనమైన సంగతి మీ రెరుగుదురు. అది చెప్పునపుడు వక్త గొంతు నిలువలేదు.

ఇచ్చట నాకు లక్కయింటి కథ తోచినది. విదురుడు పంపిన వాడు ముందుగనే బిలము త్రవ్వియుంచుటచేతనే పాండవులు బ్రతికిరి. చిన్ననాడు నాన్నగారు చెప్పుచుండగా ఆ బిలమునకు సంతోషించితినేగాని, ఆ రాత్రి యదే యింట నిదురించిన బోయతను, ఆమె యైదుగురు కొడుకులను గూర్చి విచారింపలేదు. బిలము వారికిని అందుబాటులోనే యుండెను. ఉన్నదని వారితో నెవ్వరును చెప్పలేదు. మా వెనుకతలుపును అట్టిదే. దాని చెవి యెక్కడ నున్నదో 42 మందిలో నొక్కతెకును తెలియదు.

సభానంతరము అమ్మాయి నన్నొక అంగడికి తోడ్కొనిపోయి ఒక తలుపు చూపినది. బయటినుండి తాళము, లోపలినుండి నడుమెత్తున నడ్డముగా నొక యినుపకడ్డి. కడ్డిని త్రోసినంతనే తలుపు బయటికి తెరచుకొనును. సండర్లాండు విషాదము పిమ్మట 1892లో బ్రిగ్స్ అను నింగ్లీషువాడు ఇట్టి గడియకు హక్కుపత్రము పొందెనట. దొంగ లోనికి రాలేడు, పిల్ల బయటికి పోగలదు. ఇన్నేండ్లనుండి ఇది యుండగా మే మింకను తాళపుచెవిని పెట్టెలో దాచుచున్నాము!

ఇంటికి వచ్చి చెప్పగా మావారు, "పిల్లల తండ్రులు తాళముండవలె ననుచున్నారు, మరల దొంగతనమైనచో నెవరు సమాధానము చెప్పవలెను?" అనిరి. వారి మాట త్రోసివేయదగినది కాదు. నేను వాదింపక, ఒక రాత్రి గంట కొట్టించి చూతమంటిని. గంట కొట్టి, గడియారము వారి చేతికిచ్చి, నేను తాళపుచెవికై పోయితిని. చీకటిలో పెట్టె తెరచి, చెవి వెదకి, తలుపు తీయువరకు నాలుగు నిమిషములు. పిల్లలందరు బయటికి వచ్చువరకు ఆరు. మావారు గడియారము వంక చూచుచు చాలసేపు మాటాడలేదు. ఆరవ తరగతి పిల్ల యొకతె యేడ్చుచుండెను, ఉత్తుత్తి గంటయే యని చెప్పినను.

పాఠశాల సంఘమువారు వచ్చు సంవత్సరపు లెక్కలలో నాలోచింతు మనిరి. మావారు ఆగలేదు. అమ్మాయి హైదరాబాదునుండి కడ్డి పంపినది. మా వడ్రంగి తలుపును బయటికి తెరచుకొనునట్లు మరల బిగించినాడు. ఎవరైన తెరచినచో మ్రోగునట్లు గంట యొకటి కట్టితిమి. గత పూర్ణిమనాడు మరల పరీక్షించితిమి. ఆ యేడ్చిన పిల్లయే ముందు పరుగెత్తి కడ్డి త్రోసినది. రెండు నిమిషములలోపల అందరును ముంగిటి వేపచెట్టు క్రింద నిలిచిరి. ఆ పాత తాళము నిప్పుడు మా బియ్యపుగదికి వేయుచున్నాను.