మందు ఆవు మీద, పిడుదు గోడలో

భిలాయి సెక్టార్ల రోడ్ల మీద ఆవులు తీరిగ్గా పడుకుని ఉంటాయి. స్టీల్ ప్లాంటు షిఫ్టుకు పోయే స్కూటర్లే పక్కకు తప్పుకుంటాయి. అలాంటి ఆవు చెవి మడత విప్పి చూస్తే, శనగగింజంత ఉబ్బి వేలాడే పిడుదులు కనిపించవచ్చు. రక్తం నిండిన ఆడవి అవి.

రక్తం పోవడం ఒక్కటే అయితే ఇంత గొడవ లేదు. పిడుదులు బెబీసియా, థైలీరియా పరాన్నజీవుల్ని పశువు నుంచి పశువుకు చేరవేస్తాయి. బెబీసియా సోకితే మూత్రం కాఫీరంగులో వస్తుంది. థైలీరియా సంకరజాతి ఆవుల మీద విరుచుకుపడుతుంది. థైలీరియాకు టీకాను హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌ సంస్థ తయారు చేసింది. పశువుల జ్వరాన్ని పిడుదే మోస్తుందని అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లోనే తేల్చారు. సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నది ఆ తర్వాత నాలుగేళ్లకు!

ఇక మందుల సంగతి. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, అమిట్రాజ్ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. నీళ్లలో కలిపి ఒళ్లంతా పిచికారీ చేస్తే పిడుదు నరాలు దెబ్బతిని రాలిపోతుంది. కానీ పొట్ట నిండిన ఆడది దానంతట అదే రాలి, కొట్టం పగుళ్లలో దూరి, వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్క పిడుదు ఇంకా గడుసుది: క్వార్టర్ గోడ పగులు, తలుపు చట్రం సందు ఏదీ వదలదు. కుక్కకు మందు రాసి ఇంటిని వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

మందు ఖరీదని నీళ్లు ఎక్కువ కలపడం మరో తప్పు. అరకొర మోతాదుకు బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవే సంతానాన్ని పెంచుతాయి. డెల్టామెత్రిన్‌కు లొంగని పిడుదులు మన దేశంలో పలు రాష్ట్రాల్లో బయటపడ్డాయి. అలాగని మోతాదు పెంచితే, పశువు ఒళ్లు నాక్కుంటే ఆ విషం దాని కడుపులోకే పోతుంది. కుక్కకు వాడే పెర్మెత్రిన్ పిల్లికి తగిలితే ప్రాణాంతకం కావచ్చు.

మనుషులకూ ముప్పు తక్కువేం కాదు. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో 1957లో గుర్తించిన క్యాసనూరు అడవి జ్వరం పిడుదుల వల్లే వస్తుంది. అడవంతా మందు కొట్టడం కుదరని పని. అందుకే ఆ జ్వరంతో కోతి చచ్చిపడిన చోటు చుట్టూ 50 మీటర్ల మేర మలాథియాన్ చల్లే పద్ధతి పెట్టారు.

భిలాయి వాళ్లకు వెటర్నరీ కాలేజీ దుర్గ్ దగ్గరి అంజోరాలోనే ఉంది. సరైన మోతాదులో రెండుసార్లు కొట్టినా పిడుదులు చావకపోతే, మూడోసారి అదే మందు కొనకండి. నాలుగు పిడుదుల్ని సీసాలో వేసుకెళ్లి పశువైద్యులకు చూపించండి.