బాధ్యత యొకనిది, అధికార మింకొకనిది

కర్నూలు మండలపు పడమటి తాలూకాలలో వానను నమ్మి సేద్యము చేయుట జూదమువంటిది. గూడూరు, కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతముల రైతు ఆకసమువంక నెంతగా చూచునో తుంగభద్రవంకను అంతగా చూచును. ఆ నదిపై హోసపేటచెంత నున్న పెద్ద ఆనకట్టకు 33 తలుపులు గలవు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి అందు 19వ తలుపు గొలుసు తెగి, తలుపు ప్రవాహములో కొట్టుకొనిపోయినది. జలాశయము నిండుకుండవలె నున్న సమయమది. ఖరీఫు పంటకై కూడబెట్టిన నీరు రైతు కన్నులయెదుటనే యేటిపాలగుచుండెను.

నీటిమట్టము తలుపు గడపక్రిందికి దిగువరకు వేచియుండి, పిదప మరమ్మతు చేయుట నిరపాయమైన మార్గము. కాని యట్లు చేసినచో జలాశయములో సగమునకు మించి ఖాళీ చేయవలసియుండును. తలుపుల విద్యలో ఆరితేరిన కన్నయ్యనాయుడుగారు, ఉద్యోగవిరమణ చేసి చాలకాలమైనను, పిలువగనే వచ్చి, పారుచున్న నీటిలోనే అడ్డుపలకలను దింపుద మనిరి. ఉక్కుపలకలు ఐదు ఖండములుగా తయారయ్యెను. 16వ తేదీన మొదటి ఖండము దిగెను. మరునాటికి తక్కినవియు దిగి ప్రవాహము కట్టువడెను. ఆ పలకలను పట్టి నిలిపిన పనివారికి మన ప్రాంత మెంతయు ఋణపడియున్నది.

ఈ విజయమునకు అందరమును సంతోషించితిమి. సంతోషముతో పాటు మే మొక ప్రశ్నను పాఠకులయెదుట నుంచుచున్నాము. ఒక పెద్ద పనిని నడపు కార్యనిర్వాహకునకు మన మేమి యిచ్చుచున్నాము, ఏమి కోరుచున్నాము? కాలము మారినది, యంత్రములు మారినవి, ప్రభుత్వములు మారినవి. పని చెడినపుడు నిందమాత్రము పూర్వమువలెనే యొకని తలపై పడుచున్నది.

మన తుంగభద్రయే యిందుకు రెండు పాఠములు చెప్పగలదు. గూడూరునకు సమీపముననే సుంకేసులకడ మొదలగు కాలువ కడపవరకు పోవుచున్నది. దానిని తవ్వినది మదరాసు ఇరిగేషన్ కంపెనీ యను ఆంగ్లేయ వర్తకసంఘము. పది లక్షల పౌనుల మూలధనమునకు నూటికి 5 చొప్పున వడ్డీకి ప్రభుత్వము పూచీపడినది. 1863లో పని మొదలై కొన్నియేండ్లకు ముగిసినది. ఆ సొమ్ము చాలక మరల అప్పు చేయవలసివచ్చినది. నీటితో పొలములు తడియును, పడవలును నడచునని వారు లెక్కవేసికొనిరి. నల్లరేగడిలో జొన్నయు ప్రత్తియు పండించుకొను రైతు ఆ నీటిని వారనుకొన్నంతగా కొనలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసివచ్చెను. రాతిని, మట్టిని కొలిచిన యింజనీర్లు రైతు మనస్సును కొలువలేదు. పని యెవరికొఱకో వారిని విచారింపక వేసిన అంచనా కాగితముపై నెంత చక్కగ నున్నను నేలపై నిలువదు.

రెండవ పాఠము ఆనకట్టదే. మదరాసు, హైదరాబాదు ప్రభుత్వములు 1944లో ఒడంబడిక చేసికొని, 1945 ఫిబ్రవరిలో పునాది వేసినవి. ఒక గట్టున నొక ప్రభుత్వము, వేరొక గట్టున వేరొక ప్రభుత్వము. పని సాగుచుండగనే దేశము స్వతంత్రమైనది. 1948లో హైదరాబాదు భారతదేశమున కలిసినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించి, బళ్లారి మైసూరు పాలయినది. అయినను 1953లోనే కాలువలకు నీరు వదలిరి. యజమానులు మారుచుండగా పని నిలువకుండుటకు కారణ మేమి? పాలకులెవరైనను ఆనకట్ట యందఱిదియు నను భావము ఆ పనివారలలో నుండుటయే యని మా యభిప్రాయము. ఆ భావమునకు రూపమిచ్చుటకే తుంగభద్ర బోర్డు నేర్పడినది.

నేడు ఆ బోర్డు నీటిపై కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు మూడును ఆధారపడియున్నవి. మువ్వురు యజమానుల నౌకరు కష్టము చెప్పనలవి కాదు. నీటివాటాకై మువ్వురును తొందరపెట్టుదురు. గొలుసు మార్చుట కగు వ్యయమన్నచో నొకరి మొగము నొకరు చూతురు. క్రొత్త కట్టడమునకు శంకుస్థాపన మహోత్సవము గలదు. పాత గొలుసునకు చమురు పూయుటకు మహోత్సవము లేదు. కనుక నది వెనుకబడును. ఏడు పదుల యేండ్లు బరువు మోసిన గొలుసు ఒకనాటి రాత్రి తెగిన దన్నచో ఆశ్చర్య మేమి?

ఇంకొక లోపమును దాచరాదు. ఆపద వచ్చినపుడు పెద్దవయసున నున్న విశ్రాంతోద్యోగిని పిలువవలసివచ్చినది. అది ఆయనకు గౌరవము, మనకు హెచ్చరిక. ఆ విద్య పుస్తకములలో కొంతయే యున్నది. తక్కినది చేతులలో నున్నది. పెద్దలవెంట పదియేండ్లు తిరిగి నేర్వవలసిన పనిని, తరచు బదిలీలతో తిరుగు ఉద్యోగి యెట్లు నేర్చును? గణనయంత్రము నీటిమట్టము నిమిషనిమిషమునకు చూపవచ్చును. గొలుసు మ్రోగు చప్పుడులో తేడాను గుర్తించునది గట్టుపై నడచు లస్కరే. అతని మాట పైయధికారి చెవిని చేరు మార్గ మున్నగాని యెంత క్రొత్త యంత్రము తెచ్చినను ఫలము లేదు.

కాబట్టి మేము కోరునవి మూడు. బాధ్యత వహించువానికి మరమ్మతు చేయించు అధికారమును, దానికి చాలిన ధనమును ముందే యప్పగింపుడు. అనుభవజ్ఞులవద్ద యువకులను శిష్యులుగ నుంచి తలుపుల విద్యను నిలుపుడు. కాలువ చివరనున్న రైతునకు నిర్ణయములలో చోటిండు. నీరు తగ్గినపుడు మొదట నెండునది అతని మడియే.

తలుపు విరిగినపుడు వీరుని వెదకుట మన కలవాటైనది. వీరుని యవసరము రాకుండ పని నడపినవానిని గుర్తించు అలవాటును చేసికొందము. ఆ మేలు ఏ పత్రికలోను ప్రకటింపబడదు. గూడూరు పొలములలో పచ్చగా కనబడును.