నాలుగింటి తర్వాత ఏం చేయాలి?

రెండేళ్లపాటు గంట కొడితే లేచి, గంట కొడితే తిన్న పిల్లలు ఇంజినీరింగ్‌ కాలేజీ మెట్లెక్కుతున్నారు. ఇక్కడ గంట కొట్టేవాళ్లు లేరు.

ఇంటర్‌ రెసిడెన్షియల్‌ కాలేజీలో రోజెలా గడుస్తుందో తెలుగు ఇళ్లకు కొత్తగా చెప్పేదేముంది! తెల్లవారకముందే తలుపు మీద దెబ్బ. గబగబా స్నానం, స్టడీ అవర్‌, టిఫిన్‌, క్లాసులు, మళ్లీ స్టడీ అవర్‌, లైట్లు ఆర్పేదాకా అదే వరస. వారాంతంలో టెస్టు. అమ్మతో మాట్లాడాలన్నా ఫోన్‌ దగ్గర వంతు కోసం నిలబడాలి. ఇంత తతంగమూ మూడు గంటల పరీక్ష కోసం: 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలు, ఫిజిక్స్‌, కెమిస్ట్రీ చెరో 40. (పేరు ఈఏపీసెట్‌గా మారినా జనం నోట ఇంకా ఎంసెటే.) తప్పు జవాబుకు మార్కుల కోత లేదు కాబట్టి, ఆఖరి నిమిషాల్లో మిగిలినవాటికి ఏదో ఒకటి నొక్కి రావాలని కూడా నేర్పిస్తారు. ఒప్పుకోవాలి, ఆ పని వాళ్లు బాగానే చేస్తారు.

వాళ్లు నేర్పనిది ఒక్కటే. సాయంత్రం నాలుగింటికి క్లాసులు అయిపోయాక, చేతిలో ఫోనుండి, అడిగేవాళ్లెవరూ లేనప్పుడు ఏం చేయాలన్నది. తొలి ఏడాది కష్టాలంటే మనం ఇంగ్లిషు, ఇంటి మీద బెంగ, మెస్‌ సాంబారు అని చెప్పుకుంటాం. అవీ ఉన్నాయి. నాలుగు నెలలు తిరిగేసరికి చాలావరకు సర్దుకుంటాయి కూడా. ఎంతకీ సర్దుకోనిది ఈ సాయంత్రమే.

ఇంటర్‌లో వారం వారం పరీక్ష. ఇక్కడ సెమిస్టరు మొత్తానికి రెండు మిడ్‌లు. పరీక్ష దగ్గరపడకుండా పుస్తకం తెరవొచ్చన్న సంగతే చాలామందికి తోచదు. సోమరితనమని తిట్టేస్తాం గానీ, పాపం, ఆ అలవాటు వాళ్లకెప్పుడు చేశాం? మొదటి మిడ్‌ ముందు రాత్రి సీనియర్ల జిరాక్సులు గదులన్నీ తిరుగుతాయి. మాథ్స్‌-1లో ఐగన్‌ విలువలు తెల్లారేలోగా వచ్చేస్తాయనుకుంటారు. జేఎన్‌టీయూ హైదరాబాద్‌ నిబంధనల్లో సబ్జెక్టుకు 100 మార్కులైతే 40 ఇంటర్నల్స్‌వే. మిడ్‌లను గాలికొదిలేస్తే సెమిస్టరు పరీక్ష ఎంత బాగా రాసినా గ్రేడు పైకి లేవదు. హాజరు 75 శాతం ఉండాలి. 65 దాకా తగ్గితే తగిన కారణం చూపి, రుసుము కట్టి బయటపడొచ్చు. అంతకన్నా దిగితే డిటెన్షనే. ఈ లెక్క మాత్రం పిల్లలు అన్నిటికన్నా ముందు నేర్చుకుంటారు. ఇంకా ఎన్ని క్లాసులు బంక్‌ కొట్టొచ్చో దశాంశాలతో సహా చెబుతారు.

దీనికి తోడు ఇంకో దెబ్బ. ఇంటర్‌లో 1000కి 970 తెచ్చుకున్న అమ్మాయి ఫొటో కాలేజీ ఫ్లెక్సీ మీద ఉంటుంది. మంచిచోట సీటొస్తే, అక్కడ క్లాసంతా ఫ్లెక్సీ ఎక్కి వచ్చినవాళ్లే. అరవై మందిలో ముప్ఫయ్యో స్థానం ఎవరో ఒకరికి రాక తప్పదు. ఈ చిన్న లెక్క పిల్లలకన్నా ఇంట్లోవాళ్లకే ఆలస్యంగా ఎక్కుతుంది.

నన్నడిగితే మొదటి ఏడాదిలో పిల్లల్ని నిజంగా కుదుటపరిచే చోటు వర్క్‌షాప్‌. కార్పెంటరీలో చెక్క ముక్కలిచ్చి హాఫ్‌ ల్యాప్‌ జాయింట్‌ చేయమంటారు. ఎంసెట్‌ ర్యాంకుకు రంపం లొంగదు. ఇంట్లో వడ్రంగం చూస్తూ పెరిగిన కుర్రాడు చకచకా అతికించి పక్కన పెడితే, పెద్ద ర్యాంకు వచ్చినవాడు పక్కకు చేరి ‘మామా, కాస్త చూపించరా’ అంటాడు. బ్యాచ్‌లు రోల్‌ నంబర్ల వరసలో వేస్తారు కాబట్టి తొలి స్నేహితులెవరన్నది సగం కాలేజీ రిజిస్టరే తేల్చేస్తుంది. ఇంజినీరింగ్‌ డ్రాయింగ్‌ సంబరం మరొకటి. డ్రాఫ్టరు మోసుకుంటూ బస్సెక్కితే చాలు, కండక్టరు కూడా ఫస్టియరని గుర్తుపడతాడు. మరుసటేడు ఆ డ్రాఫ్టరు సగం ధరకు జూనియర్‌ చేతికి వెళ్తుంది.

అయితే సీనియర్లతో అలాంటి బేరాలు కుదిరే సందర్భాలు తగ్గాయి. ర్యాగింగ్‌ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ 1997లోనే చట్టం చేసింది. 2009లో యూజీసీ నిబంధనలు వచ్చాయి. విద్యార్థీ, తల్లిదండ్రులూ ప్రమాణపత్రాలు ఇవ్వాలి, ఫస్టియర్‌ వాళ్లకు విడి హాస్టల్‌ ఉండాలి. అవసరమైన కట్టడే, ప్రాణాలు పోయాక వచ్చిన కట్టడి. దాంతోపాటే ‘ఆ సార్‌ పేపర్‌ ఇలా దిద్దుతారు, ఈ క్లబ్‌లో చేరు’ అని చెప్పే అన్నలూ అక్కలూ కాస్త దూరమయ్యారు. ఆ లోటు తీర్చాల్సింది ఇండక్షన్‌. ఏఐసీటీఈ రూపొందించిన మూడు వారాల కార్యక్రమంలో ఆటలు, కళలు, చుట్టుపక్కల ఊళ్లు చూడటం, చిన్న బృందానికో మెంటర్‌... కాగితం మీద అన్నీ ఉన్నాయి. చాలాచోట్ల అది ఆడిటోరియంలో వరస ఉపన్యాసాలతో తేలిపోతుంది. మెంటర్‌ సంగతి ఒక్కటి సరిగ్గా చేసినా చాలు, నాలుగింటి తర్వాత ఎలా గడుస్తోందని అడిగే మనిషి ఒకరుంటారు.

ట్రిపుల్‌ఐటీల అమరిక వేరు. 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ పదో తరగతి కాగానే పిల్లల్ని బాసర, నూజివీడు, ఇడుపులపాయ లాంటి క్యాంపస్‌లకు తీసుకుని ఆరేళ్లు చదివిస్తుంది. పల్లె నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకు పదిహేనేళ్లకే ఇంగ్లిషు పాఠం, ఇంటికి దూరం ఒక్కసారే మీదపడతాయి. ఆ బాధ తక్కువేం కాదు. కానీ తడబడటానికి ఇంటర్‌ బదులు రెండేళ్ల పీయూసీ ఉంది. బీటెక్‌ మొదలయ్యేనాటికి వాళ్లు పాతకాపులు. బయటి కాలేజీల్లో అదే తడబాటు సీజీపీఏలోకి ఎక్కి నాలుగేళ్లూ వెంట తిరుగుతుంది.

ఇక ఇంట్లోవాళ్లు. రోజూ రాత్రి వీడియో కాల్‌ చేసి ‘చదువుతున్నావా?’ అంటే రెసిడెన్షియల్‌ కాలేజీని ఫోన్‌లో మళ్లీ తెరిచినట్టే. ‘సాయంత్రం ఎక్కడికెళ్లావురా, ఎవరితో?’ అని సరదాగా అడిగి చూడండి, రెండు మాటలు ఎక్కువ దొరుకుతాయి. తిండీ నిద్రా చెడి, మాట బాగా తగ్గిపోతే మాత్రం బెంగ అనుకుని ఊరుకోవద్దు. కాలేజీ కౌన్సెలర్‌ను కలవాలి, లేదా టెలీమానస్‌ హెల్ప్‌లైన్‌ 14416కు ఫోన్‌ చేయాలి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అడిగినప్పుడల్లా ఫోన్‌పే చేయడం మానేసి, నెల మొదట్లో ఒకేసారి ఇవ్వండి. పైసా పైసాకూ లెక్క అడగొద్దు. ఇరవయ్యో తేదీకే అయిపోతే అయిపోనివ్వండి. మిగతా పది రోజులకూ పక్క గదిలో అప్పు పుడుతుంది, ఒకటో తేదీన పక్క గదివాడే వచ్చి వసూలు చేసుకుంటాడు.