కారు మీద నమ్మకం లారీకి చెల్లుతుందా?

బండ్ల గురించి చేసిన ఎపిసోడ్ విన్నాక ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఒకటే. "అన్నా, ఇంకో రెండేళ్లు చేసి ఊరొచ్చేస్తా. ఒక బండి కొనుక్కుని తోలుకుంటా. ఏ కంపెనీది మంచిది?" దుబాయ్ నుంచి అడిగారు, మస్కట్ నుంచి అడిగారు, ఇక్కడ యాంగోన్‌లో నా పక్క గదిలో ఉండే కుర్రాడూ అడిగాడు. ఆడియోలో టైం చాల్లేదు. ఇది పదేళ్లు ఎండలో నిలబడి దాచుకున్న డబ్బు సంగతి కాబట్టి ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ముందే నా పక్షపాతం చెప్పేస్తా. మా ఇంట్లో కారంటే మారుతియే. మొదట 800, ఇప్పుడు వ్యాగన్ ఆర్. వేరే కంపెనీ షోరూమ్ గడప తొక్కలేదు, తొక్కే ఉద్దేశమూ లేదు. బావమరిది ఎన్నిసార్లు వెక్కిరించినా నాది అదే మాట. అలాంటి నేను కూడా, ఆ ప్రేమతోనే ఒక లారీ కొనమంటే కొనను. కారు మనల్ని మోస్తుంది. లారీ మన సరుకునీ, తన అప్పునీ, డ్రైవరు జీతాన్నీ, టైర్లనీ, చివర్న మన ఇంటినీ మోయాలి. కారు వారం రోజులు షెడ్డులో ఉంటే బస్సెక్కుతాం. లారీ వారం ఆగితే ఆ నెల కంతు మన జేబులోంచే పోతుంది.

నా ఉదాహరణే తీసుకోండి. మారుతి మీద అభిమానం ఉంది కదా అని సూపర్ క్యారీ కొన్నాననుకోండి. 2016లో అది మార్కెట్లోకి వచ్చినప్పుడు చెప్పిన మోత సామర్థ్యం 740 కిలోలు. సిమెంటు బస్తా 50 కిలోలు. 14 బస్తాలు ఎక్కిస్తే 700, పదిహేనోది ఎక్కిస్తే దాటిపోయింది. కూరగాయలకి, పాల క్యాన్లకి, కిరాణా సరుకుకి అది చక్కటి బండి. దాని అన్న లాంటి సుజుకి క్యారీని ఇక్కడ యాంగోన్‌లో 2013 నుంచి బిగించి అమ్మారు. వీధి వీధికీ తిరుగుతుంది. కానీ మా సైట్‌లోకి వస్తే టైల్స్ పెట్టెలు తేవడానికే. కంకర పనికి దాన్ని పెట్టేవాడికి తప్పు కంపెనీలో కనిపిస్తుంది, ఎంపికలో కనిపించదు.

ఇక యాంగోన్ సంగతి. మన తాతలు రంగం అని పిలిచిన ఊరు ఇదే. రేవులో బియ్యం మూటలు మోసినవాళ్లలో, చేతిరిక్షాలు లాగినవాళ్లలో మనవాళ్లు చాలామంది. కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీద వాళ్లని ఇక్కడ 'కోరంగీలు' అనేవారు. ఆ భుజాల మీది బరువు ఇప్పుడు లారీల మీదికి పోయింది. ఈ ఊరు లారీల గురించి చెప్పే పాఠం మన షోరూముల్లో దొరకదు.

ఇక్కడ దిగగానే ఒక వింత కనిపిస్తుంది. బళ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి, స్టీరింగూ కుడివైపే ఉంటుంది. 1970లో నే విన్ ప్రభుత్వం ఎడమ నడకని కుడికి మార్చేసింది. బళ్లు మాత్రం ఆ తర్వాత కూడా ఎక్కువగా జపాన్ నుంచే వచ్చాయి. అక్కడ మనలాగే ఎడమ నడక, కుడి స్టీరింగు. దాంతో ముందున్న లారీని దాటాలంటే డ్రైవరుకి ఎదురు వచ్చేది కనపడదు. పక్కన కూర్చున్న సపేయా (మన క్లీనరు లాంటివాడు) తల బయటపెట్టి చూసి చెప్పాలి. ఈమధ్య దిగే కార్లకి ఎడమ స్టీరింగు ఉండాలని నియమం పెట్టారు గానీ, పాతవి పాతవిగానే తిరుగుతున్నాయి.

స్టీరింగు తప్పు పక్కనున్న బండిని జనం ఏళ్ల తరబడి డబ్బు పోసి కొన్నారంటే ఊరికే కాదు. ఒకటి, వేరే దారి తక్కువ. దిగుమతి పర్మిట్లు చాలాకాలం కొందరి చేతుల్లోనే ఉండేవి. 2011లో పాత బండి అప్పగిస్తే దిగుమతి పర్మిటు ఇచ్చే పథకం వచ్చాక జపాన్ సెకండ్ హ్యాండ్ బళ్లు వరదలా వచ్చాయి. రెండోది నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. 1960లలోనే జపాన్ యుద్ధ పరిహారంతో ముడిపడి హీనో లారీలు, మజ్దా చిన్న బళ్లు ఈ దేశంలో బిగించడం మొదలైంది. అంటే ఇక్కడి మెకానిక్కుకి వాళ్ల నాన్న నేర్పాడు, వాళ్ల నాన్నకి తాత నేర్పాడు. గేర్ బాక్సు విప్పడానికి పుస్తకం అక్కర్లేదు. పార్టు కొత్తది లేకపోతే పాతది దొరుకుతుంది, పాతదీ లేకపోతే లేతు మీద చేస్తారు. తలుపు మీద జపాన్‌లోని ఏదో పాత కంపెనీ పేరు ఆ అక్షరాల్లోనే ఉంచుకుంటారు, చెరపరు. అసలు జపాన్ సరుకే అనడానికి అదే సర్టిఫికెట్.

ఇందులో కంపెనీ గొప్పతనం ఎంత, చుట్టూ ఉన్న ఊరి గొప్పతనం ఎంత? దీనికి ఒక బండి కథ చెబితే సరిపోతుంది: టయోటా డైనా.

యాంగోన్‌లో డైనా అంటే అందరికీ తెలుసు. సరుకు మోసింది, దాని మీద బాడీ కట్టి మనుషుల్నీ మోశారు. 2017 జనవరిలో వైబీఎస్ పేరుతో కొత్త సిటీ బస్సు వ్యవస్థ వచ్చేదాకా ఆ రకం బళ్లు ఊళ్లో మామూలే. సౌదీలో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు, అక్కడ చిన్న లారీ ఏ కంపెనీదైనా నోటి మాటకి డైనాయే.

అదే డైనా మన దేశానికీ వచ్చింది. 1980ల మధ్యలో నాలుగు జపాన్ కంపెనీలు నాలుగు మన కంపెనీలతో చేతులు కలిపి చిన్న లారీలు మొదలుపెట్టాయి. డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. పేర్లు చూస్తే టయోటా గెలవాలి. గెలవలేదు. 1985 తర్వాత జపాన్ యెన్ విలువ రెండు మూడేళ్లలో డాలరుతో పోలిస్తే దాదాపు రెట్టింపైంది. జపాన్ నుంచి తెచ్చుకునే భాగాల ఖర్చు ఆకాశానికెక్కింది. 1986లో టాటా 407 దిగింది. చూడ్డానికి మొరటుగా ఉన్నా, దాని సామాను ప్రతి తాలూకా కేంద్రంలో దొరికేది, ప్రతి చెట్టు కింది మెకానిక్కుకీ దాని గుట్టు తెలుసు. మన లోడింగ్ అలవాట్లు కూడా తెలిసిందే, కాగితం మీద రెండున్నర టన్నులుంటే బండి మీద నాలుగుంటాయి. చివరికి ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి పోయింది. డీసీఎం టయోటా 1990లలో దేవూ చేతికి పోయి సియెలో కార్ల ఫ్యాక్టరీ అయింది. ఐషర్ నిలబడింది. స్వరాజ్ మజ్దా కూడా పేరు మార్చుకుని ఎస్ఎంఎల్ ఇసుజు అయ్యి నిలబడింది.

తమాషా ఏమిటంటే, తెలంగాణలో ఇప్పటికీ మధ్యరకం లారీ కనిపిస్తే 'డీసీఎం' అంటారు. పేపర్లో 'డీసీఎం బోల్తా' అని వార్త వస్తుంది, చూస్తే అది ఐషరో టాటాయో అయి ఉంటుంది. బండి పోయి ముప్ఫై ఏళ్లయినా పేరు తిరుగుతోంది. ఒకే బండి, ఒకే కంపెనీ. యాంగోన్‌లో రాజ్యమేలింది, మన దగ్గర పేరుగా మాత్రమే మిగిలింది. ఇంజనులో తేడా లేదు. సామాను ఎక్కడ దొరుకుతుంది, ఎవడు విప్పగలడు, ఎంత బరువు వేస్తారు, తేడా అంతా అక్కడే.

"జపాన్‌వాడు మోసం చెయ్యడన్నా" అని ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. గౌరవం నాకూ ఉంది, కానీ భక్తి వద్దు. 2002 జనవరిలో జపాన్‌లోని యోకొహామాలో ఒక మిత్సుబిషి లారీ ముందు చక్రం ఊడి దొర్లుకుంటూ పోయి, పిల్లలతో నడుస్తున్న ఒక తల్లిని చంపేసింది. బండి యజమాని సరిగ్గా చూసుకోకపోవడం వల్లే అరిగిపోయిందని తయారీదారు చెప్పుకొచ్చింది. 2004లో గానీ హబ్ డిజైన్‌లోనే లోపం ఉందని ఒప్పుకుని బళ్లు వెనక్కి పిలవలేదు. ఆ రెండేళ్లూ నింద మోసింది లారీ నడుపుకునే చిన్న కంపెనీ. 2022లో హీనో తన ఇంజన్ల పొగ, మైలేజీ పరీక్షల లెక్కలు మార్చినట్టు ఒప్పుకుంది, విచారణలో అది 2003 దాకా వెనక్కి వెళ్లింది. 2023 డిసెంబర్‌లో టయోటా కింద ఉండే దైహత్సు 64 మోడళ్ల భద్రతా పరీక్షల్లో అవకతవకలు బయటపడి మొత్తం సరఫరా ఆపేసింది. వీటివల్ల ఈ కంపెనీలన్నీ చెడ్డవని కాదు. రోడ్డు మీద పాతికేళ్లు నిలబడే బళ్లు వీళ్లవే. కానీ బోనెట్ మీద బొమ్మ చూసి కళ్లు మూసుకోవడానికి ఏ దేశపు కంపెనీ అయినా తగదు.

సైట్‌లో మాకు నాణ్యత అంటే ఒకటే లెక్క. కాంక్రీటు కలిపాక గంటన్నర, మహా అయితే రెండు గంటల్లో పోసెయ్యాలి. దారిలో మిక్సర్ బండి ఆగితే డ్రమ్ములో రాయి తయారవుతుంది, సుత్తులతో కొట్టి తియ్యాలి. మా దగ్గర కిరాయికి తిరిగిన బళ్లలో ఒకటి కొత్తది, మూడేళ్లు కాలేదు, కంపెనీ పేరు అనవసరం. ఒక సెన్సార్ పోయింది. 2021 తర్వాత ఇక్కడ డాలర్లకి కటకట, దిగుమతులు బిగుసుకుపోయాయి. ఆ పార్టు వచ్చేసరికి 19 రోజులు. గేటు పక్కనే కొత్త పెళ్లికూతురిలా మెరుస్తూ నిలబడి ఉంది. దాని పక్కనే, తలుపు మీద జపాన్ అక్షరాలున్న ముసలి టిప్పరుకి పొద్దున క్లచ్ పోతే సాయంత్రం రెండో షిఫ్టుకి తిరిగొచ్చింది. ఆ ముసలిదాన్ని పొగడటం లేదు, దాని పొగకి మా వెల్డర్లు తిట్టని తిట్టు లేదు, బ్రేకులంటే నాకే భయం. కానీ కిరాయి డబ్బు ఎవరికి వచ్చింది?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గర అమ్మే కొత్త బళ్లన్నీ బీఎస్ 6. పెద్ద డీజిల్ లారీల్లో డెఫ్ అనే యూరియా నీళ్లు వేరే ట్యాంకులో పొయ్యాలి, సెన్సార్లు ఉంటాయి, స్కానర్ లేకుండా మెకానిక్ చెయ్యి పెట్టలేడు. చెవి పెట్టి విని రోగం చెప్పే రోజులు పోయాయి. అందుకే కొత్త బండి కొనేవాడు మొదట అడగాల్సింది మైలేజీ కాదు. మీ ఊరికి అధికారిక వర్క్‌షాపు ఎంత దూరం, స్కానర్ ఉందా, రాత్రి ఫోన్ చేస్తే బండి దగ్గరికి వస్తారా. గల్ఫ్‌లో ఇసుజు తోలినవాళ్లు అదే కావాలంటున్నారు. ఇసుజు పికప్‌లు 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతున్నాయి, మంచి బళ్లే. అయినా మీ మండలంలో వాటి సామాను ఉందో లేదో చూశాకే ముందుకెళ్లండి. ఏనుగుని కొని అంకుశం కోసం ఊళ్లు తిరిగినట్టు కాకూడదు.

సెలవు మీద వెళ్లినప్పుడు ఒక రోజు మీ ఊరి లారీ స్టాండులో కూర్చోండి. మీరు మోద్దామనుకున్న సరుకే మోసే బళ్లు ఏ కంపెనీవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఇసుక మోసే ఊళ్లో ఒకటుంటుంది, మామిడికాయలు మోసే ఊళ్లో ఇంకొకటుంటుంది. డ్రైవర్లకి టీ ఇప్పించి ఏది బాగుందని అడగొద్దు, ఏది ఎక్కడ పోతుందని అడగండి. బాగుందనే మాట అందరూ చెబుతారు, పోయే పార్టు పేరు అనుభవం ఉన్నవాడే చెబుతాడు. తర్వాత విజయవాడ ఆటోనగర్ లాంటి చోటికెళ్లి ఆ పార్టు ధర అడగండి. కౌంటర్ మీద పెట్టి చూపిస్తే ఒక లెక్క, 'తెప్పిస్తాం' అంటే ఇంకో లెక్క.

పాత బండి అయితే రంగు చూడకండి, కిందికి దూరండి. నేను ఐటీఐ ఫిట్టర్‌ని, నా కళ్లు మొదట ఛాసిస్ మీద వెల్డింగ్ మచ్చలకే పోతాయి, ముఖ్యంగా కట్టల బ్రాకెట్ల దగ్గర. అక్కడ అతుకు ఉంటే ఆ బండి జీవితమంతా ఓవర్‌లోడే. టిప్పరైతే తొట్టి పూర్తిగా పైకెత్తించి పది నిమిషాలు ఆపమనండి, జాకీ దిగుతుందో లేదో తెలుస్తుంది. ఇంజను వేడెక్కాక ఆయిల్ మూత తీసి చూడండి, పొగ గుప్పుగుప్పున కొడితే రింగులు అయిపోయినట్టే. చక్రాల హబ్బు చుట్టూ గ్రీజు కారిన తడి ఉందా చూడండి. ఛాసిస్ నెంబరు మీద వేలు పెట్టి ఆర్సీతో ఒక్కో అంకె పోల్చండి.

ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే ఎన్ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. 8 ఏళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, ఆ ఖర్చు బేరంలో కలపండి. పరివాహన్ సైట్‌లో నెంబరు కొట్టి పెండింగ్ చలానాలు చూడటం ఐదు నిమిషాల పని, గదిలో పడుకుని ఫోన్లోనే చెయ్యొచ్చు. లోన్ కంతులు, వడ్డీ లెక్క మాత్రం పెద్ద గొడవ, అది వచ్చే ఎపిసోడ్‌లో.